ఎనిమిదేళ్ల గేమింగ్ పీసీ... ముందేది మార్చాలి?

2025 అక్టోబరులో పాత గేమింగ్ పీసీలకు ఒకే నెలలో రెండు నోటీసులు అందాయి. ఆ నెల 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ఆపేసింది. కావాలంటే ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు మాత్రం తీసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. జీటీఎక్స్ 10 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులకు కొత్త గేమ్‌ల కోసం తయారుచేసే డ్రైవర్లు కూడా ఆ నెలతో సరి అని ఎన్విడియా ముందే చెప్పింది. 2028 అక్టోబరు దాకా వాటికి వచ్చేవి భద్రతా సవరణలే.

2016-18 మధ్య మన ఇళ్లలోకి వచ్చిన గేమింగ్ పీసీల్లో చాలావాటికి ఈ రెండు దెబ్బలూ తగిలాయి. ఎంసెట్‌లో ర్యాంకు వస్తే కొనిస్తానని నాన్న మాటిచ్చిన పీసీలు, ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు వెళ్లి అసెంబుల్ చేయించుకున్న పీసీలు. కోర్ ఐ5 7400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. బడ్జెట్‌లో గేమింగ్ కావాలని ఎవరడిగినా అప్పట్లో చెప్పిన కూర్పు ఇదే. జీటీఏ 5 దాని మీద హాయిగా ఆడింది. ఇప్పుడు అదే పీసీ ఆన్ చేసి టీ తాగి వచ్చినా డెస్క్‌టాప్ పూర్తిగా తేరుకోదు. కొత్త గేమ్ వేస్తే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

ఏమన్నా మార్చి ఇంకో రెండు మూడేళ్లు లాగొచ్చా? షాపులో అడిగితే సగం మంది ‘మొత్తం మార్చేయండి సార్’ అంటారు. మిగతా సగం ‘కార్డు ఒక్కటి మార్చండి చాలు’ అంటారు. రెండూ పీసీని చూడకుండా చెప్పే జవాబులే. నన్నడిగితే తేల్చుకోవాల్సినవి రెండు విషయాలు. మిగతా భాగాలన్నిటినీ కాచుకునేలా చేస్తున్న భాగం ఏది? ఇప్పుడు కొనబోయేది రేపు కొత్త పీసీ కట్టుకున్నప్పుడు వెంట వస్తుందా, ఈ బోర్డుతో పాటే పోతుందా? మొదటిదాన్ని కొద్దిమందైనా ఆలోచిస్తారు. రెండోదాన్ని దాదాపు ఎవరూ అడగరు. డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే.

జవాబు పీసీ దగ్గరే ఉంది

తెర మీద సెకనుకు 60 ఫ్రేములు కదలాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. ఆ ఫ్రేములో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, తూటా ఎటు వెళ్లింది, ఏమేం గీయాలి అన్నది ప్రాసెసర్ తేలుస్తుంది. గీసేది గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ తన వాటా పనికే 20 మిల్లీసెకన్లు తీసుకుంటే వచ్చేవి 50 ఫ్రేములే. పక్కన లక్ష రూపాయల కార్డు పెట్టినా 51 కావు. వంటశాలలో అన్నం ఉడక్కపోతే వడ్డించేవాళ్లు పదిమంది ఉన్నా పంక్తి కదలదు కదా, అలాగే. కుర్రాళ్లు బాటిల్‌నెక్ అని పిలిచేది దీన్నే.

దాన్ని పట్టుకోవడానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. గేమ్ ఆడుతుండగానే తెర మూలన కార్డు వాడకం, ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ వాడకం, ర్యామ్, ఫ్రేము ఫ్రేముకీ పట్టే సమయం కనిపించేలా పెట్టుకోండి. గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే వీసింక్‌ను, ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) పరిమితిని తీసేయండి. ఇది మరవకూడదు. 60 హెర్ట్జ్ మానిటర్ మీద వీసింక్ ఉంటే కార్డు సగం పనితోనే 60 ఫ్రేములు ఇచ్చి ఊరుకుంటుంది. దాన్ని చూసి ప్రాసెసర్ చాలడం లేదని పొరబడి డబ్బులు పోసినవాళ్లున్నారు.

తర్వాత మీ గేమ్‌లో అన్నిటికన్నా బరువైన చోటుకు వెళ్లండి. జనం కిక్కిరిసిన బజారు, పేలుళ్లు జరిగే యుద్ధం. ఖాళీ మైదానంలో కొలిస్తే ఏ పీసీ అయినా బాగానే కనిపిస్తుంది. ఓ పావుగంట ఆడి అంకెలు చూడండి. కార్డు వాడకం 97-99 శాతం దగ్గర కదలకుండా ఉంటే అడ్డు కార్డే. కార్డు 60 శాతం దగ్గర ఊగుతూ, ప్రాసెసర్ కోర్‌లలో ఒకటో రెండో నిండుగా ఉంటే అడ్డు ప్రాసెసర్. ఇక్కడ మొత్తం ప్రాసెసర్ శాతాన్ని నమ్మకండి. 12 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ నూటికి నూరు నిండినా మొత్తం లెక్కలో అది 8 శాతమే. ఆ ఒక్క థ్రెడ్ దగ్గరే గేమ్ ఆగిపోయి ఉండొచ్చు.

సాఫ్ట్‌వేర్ లేకుండా చేసే పరీక్ష ఇంకొకటి ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. గేమ్ రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి. ఫ్రేముకు గీయాల్సిన చుక్కలు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు పడిపోతాయి. అంటే కార్డు బరువు సగానికి పైగా దిగిపోయింది. ప్రాసెసర్ పని మాత్రం దాదాపు అంతే ఉంది. ఎఫ్‌పీఎస్ ఒక్కసారిగా లేచిందా, మార్చాల్సింది కార్డు. ఉన్నచోటే ఉందా, కార్డు మార్చినా ఉపయోగం ఉండదు.

సగటు ఎఫ్‌పీఎస్ బాగానే ఉండి, మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతోందా? అది మూడో రకం జబ్బు. ర్యామ్ నిండిపోయి పీసీ హార్డ్‌డిస్క్ మీద ఆధారపడుతోంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం అని కనిపిస్తుంది.

ఒకే పీసీ గేమ్‌ను బట్టి వేర్వేరు జవాబులు ఇస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ప్రాసెసర్‌ను ఎక్కువ పిండుతాయి. సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కార్డును పిండుతాయి. మీరు రోజూ ఆడే గేమ్ చెప్పిందే మీకు లెక్క. స్నేహితుడు ఏం మార్చాడన్నది కాదు.

ముందు మూత తీయండి

ఏదైనా కొనేముందు క్యాబినెట్ పక్క డోర్ స్క్రూలు విప్పి చూడండి. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ను విడదీస్తే, ఫ్యాన్‌కూ హీట్ సింక్ రేకులకూ మధ్య దుమ్ము మందపాటి పొరగా పేరుకుని ఉంటుంది. బయటి నుంచి ఫ్యాన్ తిరుగుతూనే కనిపిస్తుంది, గాలి మాత్రం రేకుల్లోకి పోదు. హీట్ సింక్ కింద ప్రాసెసర్‌కు పూసిన థర్మల్ పేస్ట్ ఏళ్ల తరబడి వేడికి ఎండి, గోటితో గీకితే పొడిగా రాలుతుంది. అది పలచగా, తడిగా ఉంటేనే వేడిని పైకి చేరవేస్తుంది.

రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం గది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి భాగాల వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఐ5 7400కి పరిమితి 100 డిగ్రీలు. అక్కడికి చేరితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. శీతాకాలంలో బాగా ఆడిన గేమ్ ఎండాకాలంలో తడబడుతుంటే ముందు అనుమానించాల్సింది దుమ్మునే. ప్లగ్ తీసేసి, బ్లోయర్‌తో దుమ్ము ఊదించి, కొత్త పేస్ట్ బఠాణీ గింజంత వేయండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి. లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

పనిలో పనిగా వెనకవైపు కూడా చూడండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు గుచ్చి ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను. కార్డు అన్నేళ్లూ ఖాళీగా కూర్చుందన్నమాట. 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 దగ్గరే వదిలేసినవాళ్లూ ఉన్నారు. రైజెన్ పీసీ ఉన్నవాళ్లు బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్ చేసి ఉందో లేదో చూసుకోవాలి. 3200 వేగం ర్యామ్ కొన్నా, అది ఆన్ చేయకపోతే 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది.

ఎస్ఎస్‌డీకి రెండో ఆలోచన వద్దు

హార్డ్‌డిస్క్ మీదే విండోస్, గేమ్‌లు నడుస్తున్న పీసీలో మొదటి రూపాయి ఎస్ఎస్‌డీకే. హార్డ్‌డిస్క్ మహా అయితే సెకనుకు 150-200 ఎంబీ చదువుతుంది. అది కూడా ఫైలు వరుసగా ఉంటేనే. ముక్కలు ముక్కలుగా అడిగితే చతికిలబడుతుంది. మామూలు సాటా ఎస్ఎస్‌డీ 550 ఎంబీ ఇస్తుంది, ముక్కలడిగినా తొణకదు. స్టార్‌ఫీల్డ్ ఎస్ఎస్‌డీ తప్పనిసరి అని చెప్పే 2023లో వచ్చింది. సైబర్‌పంక్ 2077 కూడా అదే ఏడాది పెద్ద అప్‌డేట్‌తో హార్డ్‌డిస్క్‌ను కనీస అర్హతల్లోంచి తీసేసింది.

ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ తీసుకోవాలా అని చాలామంది తర్జనభర్జన పడతారు. సెకనుకు 3500 ఎంబీ అన్న అంకె ఘనంగానే ఉంటుంది కానీ గేమ్ లోడింగ్‌లో సాటాకూ దానికీ తేడా చాలావరకు కొద్ది సెకన్లే. బోర్డులో ఎం.2 స్లాట్ ఉంటే అది వేసుకోండి, లేకపోతే చింత వద్దు. ఏదైనా సరే కొత్త పీసీకి వెంట వస్తుంది.

ర్యామ్ సంగతి మాత్రం వేరు. 8 జీబీ ఇవాళ్టి గేమ్‌లకు చాలదు, 16 ఉండాలి. అది కూడా ఒకటే 16 స్టిక్ కాకుండా రెండు 8లు, బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలో. అప్పుడు రెండు దారుల్లో డేటా నడుస్తుంది, ప్రాసెసర్ తక్కువ కాచుకుంటుంది. ఇంతవరకు ఏటా చెప్పే మాటే. కానీ 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు తమ ఉత్పత్తిని అటు మళ్లించాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు మైక్రాన్ డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి మీ దగ్గరున్న డీడీఆర్4 ర్యామ్ ఇప్పుడు విలువైన వస్తువు. దాన్ని పనికిరాకుండా చేసే అప్‌గ్రేడ్‌కన్నా దాన్ని నిలుపుకునే అప్‌గ్రేడ్ మేలు. ఇంకో 8 జీబీ స్టిక్ కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో చూడటానికి మొహమాటపడొద్దు. ర్యామ్‌లో కదిలే భాగాలు లేవు, అరిగేది లేదు. మెమ్‌టెస్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఒక రాత్రి నడిపి తప్పులు రాకపోతే నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఎస్ఎంపీఎస్‌ను చివర్లో గుర్తుచేసుకోకండి

గ్రాఫిక్స్ కార్డుకు ముందు మార్చాల్సింది, ఎవరికీ మార్చాలనిపించనిది భాగాలన్నిటికీ కరెంటు అందించే ఈ పవర్ సప్లై. ఎఫ్‌పీఎస్ ఒక్కటి కూడా పెంచదు. అందుకే క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన డబ్బాతోనే బండి లాగిస్తారు. దాని మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పక్కన అతికించిన చిన్న పట్టికను చదవండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది 12 వోల్టుల లైను నుంచి. ఆ గడిలో 18 ఆంపియర్లు అని ఉంటే 12ను 18తో గుణించండి. 216 వాట్లు. 450 కాదు. ఐ5 7400 లెక్క 65 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060 లెక్క 170 వాట్లు. ఆ రెండే కలిపి 235. ఫ్యాన్లూ డిస్కులూ ఇంకా లెక్కలోకే రాలేదు.

బోర్డు మీది స్లాట్ కార్డుకు 75 వాట్లు ఇస్తుంది. 1050 టీఐ అంతకుమించి అడగదు కాబట్టే చాలా మోడళ్లకు విడి కేబుల్ లేదు. అంతకన్నా పెద్ద కార్డు అయితే ఆరు పిన్నుల కేబుల్‌తో ఇంకో 75, ఎనిమిది పిన్నులదైతే 150 వాట్లు ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా తీసుకోవాలి. మీ ఎస్ఎంపీఎస్‌కు ఆ కేబులే లేదంటే, అంత కరెంటు ఇవ్వడానికి దాన్ని తయారుచేయలేదని అర్థం. అప్పుడు షాపువాళ్లు హార్డ్‌డిస్క్ కేబుల్‌ను ఎనిమిది పిన్నులకు మార్చే కన్వర్టర్ ఇస్తామంటారు. తీసుకోకండి. ఆ సన్నటి తీగలు అంత కరెంటు మోయలేక ప్లాస్టిక్ కరిగిన కన్వర్టర్లను నేను కళ్లారా చూశాను. డబ్బు మిగిలినా పీసీ మిగలదు.

పేరున్న కంపెనీది 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది తీసుకుంటే మధ్యస్థాయి కార్డులన్నిటికీ సరిపోతుంది. ఒక సంగతి. 80 ప్లస్ గుర్తు కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుంది, రక్షణ ఎంత గట్టిదో చెప్పదు. అందుకే గుర్తుతో పాటు వారంటీ ఎన్నేళ్లో కూడా చూడాలి. ఐదేళ్లు ఇచ్చే కంపెనీ తన వస్తువును తాను నమ్ముతోందన్నమాట. ఇది కూడా కొత్త పీసీకి వెంట వస్తుంది.

మన ఊళ్లలో ఇంకో రెండు చూసుకోవాలి. ఒకటి ఎర్తింగ్. క్యాబినెట్‌ను ముట్టుకుంటే చేతికి జిల్లుమంటుంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, తర్వాతే కార్డు కొనండి. రెండోది యూపీఎస్. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది సాధారణంగా 360 వాట్లే. కొత్త కార్డు వేసి గేమ్ ఆడుతుండగా కరెంటు పోతే అది బరువు మోయలేక ఆగిపోవచ్చు. పీసీ, మానిటర్ కలిపి ఎంత లాగుతాయో చూసుకుని పెద్దది వేసుకోవాలి.

ఒకే ఏడాది పుట్టిన రెండు పీసీలు

ఇక బోర్డు, ప్రాసెసర్. 2017లో ఒకే బడ్జెట్‌తో ఇద్దరు పీసీలు కొన్నారనుకోండి. ఒకరు బీ250 బోర్డు మీద ఐ5 7400 తీసుకున్నారు, ఇంకొకరు బీ350 బోర్డు మీద రైజెన్ 5 1600. ఎనిమిదేళ్ల తర్వాత ఈ రెండింటి జాతకాలు పూర్తిగా వేరు.

రైజెన్ ఉన్నవాళ్లది ఏఎం4 సాకెట్. 2020లో రైజెన్ 5000 వరుస వచ్చినప్పుడు అది బీ350 లాంటి తొలి బోర్డులకు పనికిరాదన్నారు. 2022లో ఏఎండీ ఆ దారి కూడా తెరిచింది. బయోస్ అప్‌డేట్ చేసి, ఆరు కోర్ల పాత 1600ను తీసి అదే స్లాట్‌లో రైజెన్ 5 5600 వేయొచ్చు. బోర్డు అదే, ర్యామ్ అదే. ప్రాసెసర్ మాత్రం మూడు తరాలు ముందుకు దూకింది, పైగా అది విండోస్ 11 జాబితాలో ఉంది. పాత 1600 లేదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీ అయితే 96 ఎంబీ ఎల్3 క్యాష్‌తో గేమ్‌ల కోసమే పుట్టింది. ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం. మంచి స్థితిలో సెకండ్ హ్యాండ్ దొరికితే వదలకండి.

ఒక జాగ్రత్త. బయోస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే చేయాలి, యూపీఎస్ మీద ఉండగా చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే చచ్చిపోవచ్చు. మీ బోర్డు మోడల్, వెర్షన్ చూసుకుని కంపెనీ సైట్‌లోని ప్రాసెసర్ల జాబితాలో పేరు ఉందని తేల్చుకున్నాకే కొనండి.

ఐ5 ఉన్నవాళ్ల దారి అక్కడే ఆగిపోయింది. ఆ బోర్డులో పెట్టగలిగిన పెద్ద ప్రాసెసర్ అదే తరం ఐ7. 7700 తీసుకుంటే నాలుగు కోర్లకు ఎనిమిది థ్రెడ్లు వస్తాయి, గేమ్‌లు కాస్త కుదుటపడతాయి, అది నిజమే. కానీ సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దానికి మంచి ధరే చెబుతారు. విండోస్ 11కు అధికారిక మద్దతు లేదు. పీసీ మార్చిన రోజు ఆ ప్రాసెసర్ ఎక్కడికీ రాదు. నా తీర్పు స్పష్టం: కొనొద్దు. ఎనిమిదో తరం ప్రాసెసర్ తెచ్చి అందులో వేద్దామనుకునేవాళ్లు కూడా ఆగాలి. సాకెట్ పేరు 1151 అనే ఉంటుంది, చిప్ కూర్చుంటుంది, పీసీ మాత్రం ఆన్ కాదు. దానికి 300 సిరీస్ బోర్డు కావాలి.

అంటే వీళ్లు బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చాలి. ధరలు మామూలుగా ఉన్న రోజుల్లో అయితే నేరుగా డీడీఆర్5 ఉన్న ఏఎం5కు వెళ్లమనేవాణ్ని. 2027, ఆ తర్వాత కూడా ఆ సాకెట్‌ను కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. కానీ ర్యామ్ ధరలు ఇలా ఉన్నప్పుడు డీడీఆర్4నే వాడుకునే దారి తెలివైనది. అటు ఏఎం4 బోర్డు మీద 5600, ఇటు డీడీఆర్4 స్లాట్లున్న బీ660 బోర్డు మీద ఆరు కోర్ల ఐ5 12400ఎఫ్. రెండింట్లో ఆ రోజు ఏది తక్కువకు దొరికితే అది. బోర్డు కొనేటప్పుడు డీడీఆర్4 అని పెట్టె మీద చదివి మరీ తీసుకోండి. బీ660లో డీడీఆర్5 రకం కూడా ఉంది. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దూరదు.

కార్డు కొనే ముందు

పరీక్షలో కార్డే అడ్డు అని తేలితే, కొత్త ఎస్ఎంపీఎస్ వచ్చేసి ఉంటే, ఇక కార్డు. ఎన్ని సెట్టింగ్స్ తగ్గించినా 10 సిరీస్ కార్డులు దాటలేని గోడ ఒకటి వచ్చింది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ రెండూ కార్డులో రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉంటే తప్ప నడవవు. 1060కి, 1080 టీఐకి అది లేదు. ఇలాంటి గేమ్‌లు ఇంకా పెరుగుతాయి. మీరు ఆడేవి పాతవే అయితే ఈ గోడ మీకు అడ్డం కాదు. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపే ఎఫ్ఎస్ఆర్ సదుపాయం గేమ్‌లో ఉంటే అది పాత కార్డుల మీద కూడా పనిచేస్తుంది. దాంతో ఇంకో ఏడాది గడిపేయొచ్చు.

1080 మానిటర్ ఉన్నవాళ్లకు 8 జీబీ ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డులు సరిపోతాయి. 6600 లెక్క 132 వాట్లు, 4060 లెక్క 115. వేడి తక్కువ, కరెంటు తక్కువ. 1440 మానిటర్‌కు వెళ్లే ఆలోచన ఉంటే చుక్కలు 78 శాతం పెరుగుతాయి. అప్పుడు 12 జీబీ, 16 జీబీ ఉన్నవి చూడాలి. 8 జీబీ కార్డు కొత్త గేమ్‌ల పెద్ద టెక్స్చర్ల దగ్గర ఇప్పటికే ఇబ్బంది పడుతోంది.

పాత బోర్డు ఉన్నవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది, షాపులో ఎవరూ చెప్పరు. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ బోర్డుతో నాలుగే లేన్ల మీద మాట్లాడుతుంది. కొత్త పీసీఐఈ 4.0 బోర్డు మీద అది పర్వాలేదు. బీ250, బీ350, బీ450లన్నీ పీసీఐఈ 3.0 బోర్డులు. వాటి మీద అదే కార్డు బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే దాని 4 జీబీ నిండగానే ఆ ఇరుకు దారిలోంచే డేటా రావాలి. ఇంటెల్ ఆర్క్ బీ580ది ఇంకో కథ. ధరకు 12 జీబీ ఇస్తుంది, మంచి కార్డే. కానీ దానికి కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునేలా చేసే రీసైజబుల్ బార్ బోర్డులో ఉండాలి, ప్రాసెసర్ కూడా చురుగ్గా ఉండాలి. ఐ5 7400 పక్కన పెడితే దాని బలం బయటికి రాదు.

ఇప్పుడు కార్డు కొని, ప్రాసెసర్ వచ్చే ఏడాది అనుకునేవాళ్లు నిరాశపడక్కర్లేదు. ప్రాసెసర్ అడ్డుగా ఉన్నప్పుడు టెక్స్చర్ల నాణ్యత పెంచినా ఎఫ్‌పీఎస్ పెద్దగా తగ్గదు. కార్డుకు ఎటూ ఖాళీ ఉంది. కాబట్టి ఫ్రేములు అవే వచ్చినా బొమ్మ అందంగా ఉంటుంది. ప్రాసెసర్ వచ్చిన రోజు ఫ్రేములు కూడా వస్తాయి. ఈ క్రమమే తలకిందులైతే, అంటే కార్డే అడ్డుగా ఉండగా ముందు ప్రాసెసర్ మారిస్తే, ఏడాదంతా ఖర్చు చేసిన తేడా కంటికి కనపడదు.

పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మీ ఊరి కంప్యూటర్ షాపుల్లోనో సెకండ్ హ్యాండ్ కార్డు చూస్తే, దాని వెనక చరిత్ర ఉంటుంది. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ, గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ పద్ధతినే మానేసింది. అప్పటిదాకా రాత్రింబవళ్లు నడిచిన కార్డులు ఒక్కసారిగా బజారులోకి వచ్చాయి. వాటిలో చాలావరకు ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి, ముందు అరిగేవి ఫ్యాన్లూ థర్మల్ ప్యాడ్లే. అమ్మేవాళ్ల ఎదుటే అరగంట పాటు గేమో, బెంచ్‌మార్కో నడిపించండి. తెర మీద రంగు చుక్కలు, గీతలు వస్తే, ఫ్యాన్ కీచుమంటే వదిలేయండి. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పెన్ డ్రైవ్‌లో వేసుకెళ్లండి. పాత చిప్‌కు కొత్త పేరు రాసి 1050 టీఐ అని అమ్మిన నకిలీ కార్డులను ఇది పట్టేస్తుంది. సీరియల్ నంబరు స్టిక్కర్ చెక్కు చెదరకుండా ఉండాలి. మొదట కొన్నప్పటి జీఎస్టీ బిల్లు ఇమ్మని అడగాలి. చాలా కంపెనీలు వారంటీని సీరియల్ నంబరు మీదే లెక్కిస్తాయి కాబట్టి ఆ బిల్లు చేతిలో ఉంటే ఒకటి రెండేళ్ల వారంటీ కూడా మిగిలి ఉండొచ్చు. వెళ్లేముందు క్యాబినెట్ లోపల పొడవు కొలుచుకుని వెళ్లండి. మూడు ఫ్యాన్ల కార్డు పట్టక తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్లను ఏ షాపులో అయినా చూడొచ్చు.

బోర్డు, ప్రాసెసర్, కార్డు, ఎస్ఎంపీఎస్ నాలుగూ మార్చాల్సిన పరిస్థితే మీదైతే, ఒక్కసారిగా మార్చాలని అప్పు చేయకండి. ఎస్ఎస్‌డీ ఈ నెల, ఎస్ఎంపీఎస్ పండక్కి, కార్డు బోనస్ వచ్చాక, బోర్డూ ప్రాసెసరూ వచ్చే ఏడాది. వెంట వచ్చే వస్తువులను ముందు కొంటూ పోతే కొత్త పీసీ మీ ఇంట్లోనే ముక్కలు ముక్కలుగా తయారవుతుంది, మధ్యలో ఒక్క రోజు కూడా ఆట ఆగదు. వాలరెంట్ ఒక్కటే ఆడుతూ, అది సాఫీగా ఆడుతున్నవాళ్లు మాత్రం ఎస్ఎస్‌డీ, శుభ్రం చేయడం దగ్గరే ఆగిపోవచ్చు. డబ్బు దాచుకోండి.

తీసిన భాగాలను తూకానికి వేయకండి. 1050 టీఐ విడి కేబుల్ అడగదు కాబట్టి మామూలు ఆఫీసు పీసీలో వేసినా నడుస్తుంది, బంధువుల పిల్లలెవరికైనా ఇవ్వండి. ఐ5 7400లో సొంత గ్రాఫిక్స్ ఉంది. ఆ బోర్డుకు ఒక పాత ర్యామ్ స్టిక్, పాత హార్డ్‌డిస్క్ జతచేసి లైనక్స్ వేస్తే పైథాన్ నేర్చుకునే ఇంటర్ విద్యార్థికి చక్కటి పీసీ. ఇచ్చే ముందు హార్డ్‌డిస్క్‌లోని ఫొటోలు, పాస్‌వర్డులు పూర్తిగా చెరిపేయండి. పాత ఎస్ఎంపీఎస్ ఒక్కటి మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఈ-వేస్ట్ తీసుకునే రిజిస్టర్డ్ కేంద్రంలో అప్పగించండి.